వినడం వరకే అనుమతి

నేను ఒక రేడియోని. పాటలూ వార్తలూ వినిపించే రకాన్ని కాదు, తిరిగి మాట్లాడటం కూడా వచ్చినదాన్ని. కాకినాడ జగన్నాథపురంలో సూరంపూడి మాస్టారు తమ వరండాలో కూర్చుని, అల్యూమినియం రేకు వంచి నాకు ఒళ్లు చేశారు. ఒక్కో తీగా టంకం పెట్టి ప్రాణం పోశారు. ఇలాంటి రేడియోలో మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టే లైసెన్సు పరీక్ష నెగ్గిన శిష్యురాలు భ్రమరాంబ చేతిలో నన్ను పెట్టి, "అవతలివాడి మాట పూర్తయ్యాకే నోరు విప్పమ్మా" అన్నారు. మనుషులు ఎదురెదురుగా కూర్చున్నా పాటించని నియమం అది. ఆవిడ పాటించింది.

భ్రమరాంబ ఫిజిక్సు టీచరు. హిందూ మహాసముద్రంలో ఒక చిన్న ద్వీప దేశంలో ఉద్యోగం వస్తే, నన్ను చీరల మధ్య పెట్టుకుని బయల్దేరింది. అక్కడి రేవులో అధికారి నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది మాట్లాడుతుందా?"

"మాట్లాడుతుందండీ. మా దేశంలో నాకు లైసెన్సు ఉంది."

"మీ దేశంలో కదా! ఇక్కడ అర్జీ పెట్టుకోండి. అనుమతి వచ్చేదాకా వినడం వరకే."

మైకు తగిలించే చోట ఎర్ర లక్క కరిగించి పోసి, ముద్ర కొట్టాడు. గాలికి హద్దుల్లేవని చెప్పుకునే మనుషులే దానికి గుమ్మాలు కట్టి కాపలా పెడతారు.

ఆవిడ అద్దెకున్నది హసన్ ఇంటి మేడ మీద. హసన్ రేవు పడవ నడిపేవాడు. బడి నుంచి రాగానే ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకునేది. ఏ దేశం నుంచో ఒక గొంతు "ఎవరైనా ఉన్నారా?" అని పిలిచేది. జవాబు ఆవిడ పెదాల దాకా వచ్చి ఆగిపోయేది.

"టీచర్, ఆ లక్క గీకేస్తే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు హసన్ ఒకసారి.

"మాట్లాడితే లోకమంతటికీ తెలుస్తుంది భాయ్" అని నవ్వింది. నవ్వైతే నవ్వింది గానీ, ఆ సాయంత్రం అన్నం సరిగ్గా తినలేదు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం, తుఫాను ఇంకా పూర్తిగా తగ్గకముందు, నాలో ఒక సన్నని గొంతు వినిపించింది. ఆర్నె అనే నార్వే ముసలాయన. తెరచాప పడవలో ఒంటరిగా సముద్రం దాటుతున్నాడు. తెరచాప కొయ్య విరిగింది, పడవలోకి నీళ్లొస్తున్నాయి. తానున్న చోటు చెప్పి, ఇంగ్లీషులో పదే పదే పిలుస్తున్నాడు. ఎవరూ పలకడం లేదు.

భ్రమరాంబ ఆ వివరం అరచేతి మీద రాసుకుని కిందికి పరుగెత్తింది. హసన్ ఆ చెయ్యి చూసి చెప్పులైనా వేసుకోలేదు.

"రెండు గంటల దారి టీచర్! అతన్ని పడవ వదలొద్దనండి!" అని అరుస్తూ రేవు వైపు పరుగు తీశాడు.

ఆవిడ మళ్లీ నా ముందుకొచ్చేసరికి ఆర్నె అంటున్నాడు: "ఎవరూ లేరు. రేడియో కట్టేస్తున్నాను. గాలితెప్పలోకి దిగుతాను."

ఆ అలల్లో తెప్ప ఎటు కొట్టుకుపోతుందో దేవుడికే తెలియాలి. భ్రమరాంబ లక్క వంక చూసింది. అది పగిలితే ఉద్యోగం పోవచ్చు, ఆ దేశంలోంచే పంపించెయ్యవచ్చు. వంటింట్లోంచి కూరగాయల కత్తి తెచ్చి ఒక్క పోటు పొడిచింది. మైకు తగిలించి మీట నొక్కింది.

"ఆర్నె గారూ, నేను విన్నాను. మీకోసం పడవ బయల్దేరింది. దిగకండి."

అటునుంచి ఒక వెక్కు వినిపించింది. "మళ్లీ చెప్పండి" అన్నాడాయన.

మళ్లీ చెప్పింది. హసన్ పడవ కనబడేదాకా నీళ్లు తోడమని చెబుతూ, తోడుతున్నారా అని అడుగుతూనే ఉంది.

మర్నాడు తనే నన్ను ఆఫీసుకు మోసుకెళ్లి, లక్క ముక్కలు అధికారి బల్ల మీద పెట్టింది.

"మేం పిలవకముందే వచ్చారేం?"

"సీలు మీది. పగలగొట్టింది నేను."

ఆయన ముక్కల్ని ఒక కవరులోకి ఎత్తాడు. "ప్రాణాపాయంలో మాట్లాడటం తప్పు కాదమ్మా. కానీ విచారణ తప్పదు" అన్నాడు. నెలల తరబడి నేను అక్కడి బీరువాలో గడిపాను. తప్పు చెయ్యలేదని తేల్చడానికి మనుషులకు అంత సమయం పడుతుంది.

చివరికి అనుమతి వచ్చింది, షరతులతో. తక్కువ శక్తితో, ఆ ఇంట్లోంచే మాట్లాడాలి. ఇతరుల కబుర్లు పంపకూడదు. మైకు మరొకరికి ఇవ్వకూడదు.

మొదటి సాయంత్రం ఆర్నె కూడా మేడ ఎక్కి వచ్చాడు. హసన్ లాక్కొచ్చిన ఆయన పడవ రేవులోనే ఇంకా బాగవుతోంది. "మా చెల్లెలికి ఒక్క మాట..." అంటూ మైకు కోసం చెయ్యి చాపాడు.

"క్షమించండి, మీరు మాట్లాడకూడదు" అంది భ్రమరాంబ. తాను కాపాడిన మనిషితో ఆ మాట అనడం ఎంత కష్టమో ఆవిడ ముఖం చెప్పింది. ఆర్నె తలూపి, కుర్చీ లాక్కుని, బుద్ధిగా కూర్చున్నాడు.

ఆవిడ పిలిచింది. ఎక్కడో ఆఫ్రికా ఒడ్డు నుంచి ఎవరో పలికాడు. హెడ్‌ఫోన్లలో విని ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"ఏమంటున్నాడు?" ఆత్రంగా అడిగాడు ఆర్నె.

"వాళ్ల ఊళ్లో వాన పడుతోందట. ఇక్కడ పడుతోందా అని అడుగుతున్నాడు."

"అంతేనా? ఇన్నాళ్లూ ఎదురుచూసింది దీనికోసమా?"

"దీనికోసమే" అంది భ్రమరాంబ. కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి చూసి, మైకు దగ్గరికి తీసుకుని చెప్పింది, "ఇంకా మొదలవలేదండీ."