గొంతులో ఉప్పు

ఉల్లిపాయలు తరుగుతూ ఎడమ కన్నును భుజానికి తుడుచుకోవడం నాకెంత అలవాటంటే, ఉల్లిపాయలు లేనప్పుడూ భుజం దానంతటదే లేచేది. కన్నీటి దారి మూసుకుపోయిన ఆ కన్ను ఏళ్ల తరబడి కారుతూనే ఉండేది. దానివల్ల నా ఏడుపుకు సాక్ష్యం లేకుండాపోయింది. ఇంట్లోవాళ్లు నాతో బడిలో టీచరు ఉద్యోగం మాన్పించిన సాయంత్రం నేను నిజంగానే ఏడ్చాను. "గా కన్ను గట్లనే కారుతది తియ్యి," అన్నది మా అత్తమ్మ అండాలమ్మ. నా భర్త మహేందర్ టీవీలోని ఉద్యమ వార్తల నుంచి తల తిప్పలేదు. ఎవరూ గుర్తించని దుఃఖం ఉన్నట్టా, లేనట్టా అని నన్ను నేనే అడిగేదాన్ని.

కంటి మూల చీముపట్టి వాచాకే దిల్‌సుఖ్‌నగర్‌లో ఆపరేషన్ జరిగింది. గాయం మానాక డాక్టర్ అమల కంటి మూలలోని సన్నని రంధ్రంలోకి ఉప్పునీరు ఎక్కించారు.

"గొంతులో ఏమైనా తెలుస్తోందాండీ?"

"ఉప్పగున్నది మేడం!"

ఆమె నవ్వారు. "పాత దారి పూడిపోయింది కదా, ముక్కు పక్క ఎముకలో కొత్త దారి తీశాం. ఎవరి కన్నీళ్లైనా ముక్కులోంచి గొంతులోకే వెళ్తాయి. పట్టనన్ని వస్తేనే చెంపమీదికి పొంగుతాయి. కొన్నాళ్లు పొగ దగ్గరికి మాత్రం వెళ్లకండి."

కుర్చీలోంచి వెంటనే లేవలేకపోయాను. కంటికీ గొంతుకూ మధ్య ఒక దారి! పుట్టుకతో నాలోనే ఉండి, నేనెన్నడూ ఎరగనిది. మరొక స్త్రీ చేతులు ఎముకను తొలిచి దాన్ని తిరిగి ఇచ్చాయి. కన్నీటిని మాట పుట్టే చోటికే పంపాలని ఈ శరీరానికి ఎవరు చెప్పారు?

ఆ వారమే ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్డుమీదే వండుకుని, అక్కడే తిని, బండ్లు ఆపే నిరసన. రాష్ట్రం నాకూ కావాలి. అక్కడికి వెళ్లేసరికి మగవాళ్లు మైకు చుట్టూ, ఆడవాళ్లు కట్టెల పొయ్యి చుట్టూ ఉన్నారు. మహేందర్ నా చేతికి గరిటె ఇచ్చాడు.

"కన్ను బాగైంది గద, ఇగ పొయ్యికాడ కూసో."

"పొగ వద్దన్నది డాక్టరమ్మ. నేను ముంగట కూసుంట, నినాదాలిస్త."

"నినాదాలకు మస్తుమంది ఉన్నరు. పులిహోర ఎవరు కలుపుతరు, నేనా? నలుగుట్ల ఇజ్జత్ తియ్యకు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా చెంప తడిసింది. ఆయన వంగి చూశాడు.

"అరే, మల్ల కారుతున్నది! ఆపరేషన్ ఫెయిలైనట్టుంది, సంధ్యా."

గొంతులో ఉప్పు తగిలింది. గరిటెను ఆయన చేతిలోనే తిరిగి పెట్టాను.

"ఫెయిల్ కాలే. కన్ను మంచిగనే ఉన్నది," అన్నాను. "ఇప్పుడు నేను ఏడుస్తున్న."