గుర్రానికి బాలింత పథ్యం

మంత్రసాని జీవమ్మ పెట్టిన పథ్యాన్ని కాదన్న బాలింత మహానంది చుట్టుపక్కల నాలుగూళ్ళలో లేదు. ఆసుపత్రులొచ్చి కాన్పులు ఆమె చేతిలోంచి జారిపోయినా, పథ్యం దగ్గర మాత్రం ఇప్పటికీ ఆమె మాటే చెల్లుతుంది. రోజుకొక్క పూట వేడన్నం, వెల్లుల్లి కారం, బొట్టు నెయ్యి. కాచి చల్లార్చిన నీళ్ళు పొద్దునొక గ్లాసు, సాయంత్రమొక గ్లాసు. అంతకు మించి తాగితే తల్లికి పొట్ట జారుతుంది, బిడ్డకు రొంప పడుతుంది. ఆదివారం చర్చిలో పాస్టరు చెప్పే వాక్యం మీదైనా ఆమెకు అనుమానాలుండేవి గాని, ఈ రెండు గ్లాసుల మీద ఏనాడూ లేవు.

అలాంటి మనిషి చేతికి గుర్రం చిక్కింది.

గుర్రం కాంట్రాక్టరు భూపేష్ రెడ్డిది. ఆయన కర్నూల్లో ఉంటాడు. మహానంది దగ్గర ఆయనకొక మామిడితోట ఉంది, దానికి జీవమ్మ కాపలా. మోటారు షెడ్డు పక్క గదిలో కోడలు రెజీనాతో కాపురం. కొడుకు యేసుప్రసాద్ మంగంపేట గనుల్లో పని చేస్తూ నెలకోసారి వచ్చిపోతాడు. రెడ్డి తన కూతురు సాహితి పెళ్ళికి అల్లుడు తెల్లగుర్రమెక్కి రావాలని ముచ్చటపడి తెచ్చిన ఆడగుర్రం, పెళ్ళి రెండు నెలలుందనగా ఈనింది. ఈనిన వారానికే చిక్కి సగమైంది.

“పెండ్లి నాటికి ఇది ఒళ్ళు చెయ్యల్ల. లేకుంటే నువ్వూ నీ సామాన్లూ గేటు బయట ఉంటారు,” అని రెడ్డి ఒక్క మాట చెప్పి కారెక్కాడు.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. దాణాకు జీవమ్మ లోటు చెయ్యలేదు. గంపెడు ఉలవలు ఉడకబెట్టి, వెల్లుల్లి దంచి కలిపి, ఒక్కసారే ముందర కుమ్మరించేది. ఎండు జొన్నచొప్ప వేసేది. నీళ్ళు మాత్రం పొద్దునొక బకెట్, సాయంత్రమొక బకెట్. బాలింత బాలింతే, కాళ్ళు రెండైతేనేం నాలుగైతేనేం! ఇంకో మూడు వారాలకు పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టేటట్టు తేలాయి. పిల్ల పొదుగును కుమ్మి కుమ్మి, ఏమీ రాక, గోడ నాకుతూ నిలబడేది.

ఈ లోపల రెజీనా కూడా కనింది. మగబిడ్డ. ఆమెకిది రెండో కాన్పు. మొదటి ఆడబిడ్డ నలభయ్యో రోజున పోయింది. పాలు చాలక పోయిందని నర్సు అంది. దాని తల్లికి పాలు రాసిపెట్టి లేవని జీవమ్మ ఊరంతా చెప్పింది. ఇప్పుడు మళ్ళీ అదే చీకటి గది, అవే రెండు గ్లాసులు, చీకి చీకి ఏడ్చే బిడ్డ.

పశువుల డాక్టరు సుందరం వచ్చి గుర్రం మెడ దగ్గర చర్మం పట్టి లాగి చూశాడు. లాగిన మడత లాగినట్టే ఉండిపోయింది.

“నీళ్ళెన్ని తాపుతాండావమ్మా?”

“రెండు బకెట్లు సార్. బాలింత కదా.”

డాక్టరుకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. “పాలిచ్చే జీవానికి నీళ్ళు కట్టేస్తే పాలు యాడ్నుంచి వస్తాయి? తిన్నది మాత్రం యాడ అరుగుతాది? తొట్టి నింపి ముందర పెట్టు, ఎంత తాగితే అంత తాగనీ. పచ్చగడ్డి వెయ్యి. ఉలవలు ఒగేసారి కాదు, నాలుగు తూర్లుగా పెట్టు, దినాము రవ్వంత పెంచు. ఇంకొన్నాళ్ళు ఇట్లనే చేసింటే తల్లీ పిల్లా రెండూ పోయేటివి.”

ఆ మాట గది గుమ్మంలో బిడ్డనెత్తుకుని నిలబడిన రెజీనా కూడా వింది.

గేటు బయట పడతామన్న భయంతో జీవమ్మ తొట్టి నింపింది. గుర్రం తల ఎత్తకుండా అడుగు దాకా తాగింది. మళ్ళీ నింపింది. నాలుగో రోజుకు పొదుగు దిగింది, పిల్ల మూతి నిండా పాలనురగ. రెండు వారాలు దాటేసరికి తల్లి ఎముకల మీద కండ పరుచుకుంది. పిల్ల మామిడిచెట్ల మధ్య గెంతులేసింది.

“అత్తా, నాకూ చెంబెడు నీళ్ళియ్యి. గుర్రానికి పాలు పడినాయి కదా,” అని రెజీనా అడిగింది.

“గుర్రం గుర్రమే, మనిషి మనిషే. నోరు మూసుకోని పండుకో.”

“పోయిన పాపకు గూడా…”

మాట పూర్తి కాకముందే రెజీనా చెంప పగిలింది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మొండితనం ఒక్కటే అయితే జీవమ్మ ఏనాడో కరిగేది. ఆమెది భయం. ఆ చెంబు కోడలి చేతికిస్తే, పోయిన పాపను తానే చంపినట్టు ఒప్పుకున్నట్టే. మనవరాలితో ఆగుతుందా? నలభై ఏళ్ళుగా తాను పథ్యం పెట్టిన ఇళ్ళలో పోయిన పసికందులందరూ వచ్చి వరుసగా నిలబడతారు. అందుకే నీళ్ళ కుండ షెడ్డులోకి మార్చింది, గదికి బయట గొళ్ళెం పెట్టింది. రెండు గ్లాసులు మాత్రం వేళ తప్పకుండా ఇచ్చేది.

పెళ్ళి పదకొండు రోజులుందనగా రెడ్డి వచ్చాడు. గుర్రం వీపు నిమిరి, “ఏం మంత్రమేసినావు జీవమ్మా!” అన్నాడు. జీవమ్మ ముఖం వెలిగిపోయింది. కారు చప్పుడుకు ఉరుకులు పరుగుల మీద వచ్చి గది గొళ్ళెం మరిచిన సంగతి ఆమెకు తట్టలేదు. రెజీనా బిడ్డను చంకనేసుకుని బయటికొచ్చింది. ఎవరినీ చూడకుండా నేరుగా తొట్టి దగ్గరికి పోయి, మోకాళ్ళ మీద కూలబడి, గుర్రం పక్కనే మూతి పెట్టి తాగింది. గుర్రం కాస్త జరిగి చోటిచ్చింది.

రెడ్డి ముఖం చిట్లించాడు. “ఎవురీమె? గుర్రం తాగే తొట్లో నోరు పెడ్తాదేంది?”

“బాలింత సన్ని పట్టినాది సార్. ఏం జేస్తాండాదో దానికే తెల్దు,” అంటూ జీవమ్మ కోడలి జుట్టు పట్టి లాగింది.

“సన్ని కాదు సార్, దప్పిక,” అంది రెజీనా. “గుర్రానికిచ్చే నీళ్ళు నాకియ్యదు. నా మొదటి బిడ్డ ఇట్లనే పోయింది. వీనికి ముప్పైయేడు దినాలు. వీడూ పోతాడు సార్.”

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనే పడింది. జీవమ్మ రెడ్డి నోటికేసి చూస్తూ నిలబడింది. ‘ఆ పిల్లకు నీళ్ళియ్యి’ అని ఆయన ఒక్క మాటంటే చాలు, ఇచ్చేసేది. పెద్దమనిషి చెప్తే కాదనలేక ఇచ్చానని ఊళ్ళో చెప్పుకునేది. తప్పు తనది కాకుండా పోయేది. ఆ మాట కోసం ఆమె ప్రాణం కొట్టుకుంది.

రెడ్డి ఫోను చూసుకున్నాడు. “మీ ఇంటి రంపులూ కొట్లాటలూ నాకెందుకు? ముందు ఆ నీళ్ళు పారబోసి తొట్టి కడుగు. గుర్రానికి ఏమన్నా జబ్బు తగిలితే పెండ్లి చెడుతాది.”

జీవమ్మ తొట్టి వంచింది. నీళ్ళు రెజీనా మోకాళ్ళ కిందుగా పారి మామిడి పాదులోకి పోయాయి. పీచుతో తోమి, మోటారు వేసి, మళ్ళీ అంచుల దాకా నింపింది. రెడ్డి కారు వెళ్ళిపోయాక కోడల్ని రెక్క పట్టుకుని గదిలోకి తోసింది. లోపల బిడ్డ ఏడుపు వినీవినపడకుండా ఉంది. డాక్టరు చెప్పింది నిజమని జీవమ్మకు తెలుసు. ఏడుస్తూనే గొళ్ళెం పెట్టి, దానికి తాళం కూడా వేసి, గుర్రానికి మూడో దాణా వేళ దాటిపోతోందని ఉలవలు పొయ్యి మీద పెట్టడానికి పోయింది.