275 దగ్గర చిన్న గుట్ట

అదేమంత పెద్ద కొండ కాదు. కంప్యూటర్ తెర మీద, ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుందో చూపే గీత సాఫీగా దిగుతూ దిగుతూ 275 నానోమీటర్ల దగ్గర చిన్న గుట్టలా లేచింది, అంతే. దాన్ని చూసినప్పటి నుంచి చిన్నదాని కాళ్లు నేల మీద నిలవడం లేదు. ల్యాబ్‌లో అందరికంటే చిన్నది కాబట్టి ఆమె పేరే చిన్నది అయిపోయింది.

ఆమె తయారుచేసిన అణువులో ఒక ఆక్సిజన్ ఉంది. దాని దగ్గర పనీపాటా లేని ఎలక్ట్రాన్ల జంట కూర్చుని ఉంటుంది. అతినీలలోహిత కాంతి తగిలితే వాటిలో ఒకటి లేచి పై మెట్టుకు దూకుతుందని మూడేళ్లుగా ఆమె వాదన. గైడు సార్ నమ్మలేదు. ఇప్పుడీ గుట్టే సాక్ష్యం. పదకొండింటికి సెమినార్‌లో చూపిస్తే థీసిస్ రాసుకోవచ్చు. లేదంటే ఇంకో ఏడాది ఇదే బల్ల, ఇదే స్టూలు.

తొమ్మిదిన్నరకు, ఎందుకైనా మంచిదని, ద్రావణాన్ని సగానికి పలచన చేసి మళ్లీ గీత తీసింది. గుట్ట సగం కావాలి. కాకపోగా కాస్త ఎదిగింది. ఈసారి అణువే లేకుండా, దాన్ని కరిగించే ద్రవం, ఉత్త సాల్వెంట్ మాత్రమే సెల్లు అనే చిన్న పారదర్శక డబ్బీలో పోసి చూసింది. గుట్ట దర్జాగా అక్కడే ఉంది.

"బాబాయ్, ఈ సెల్లు దేంతో కడుగుతున్నావ్?" అని ల్యాబ్ అసిస్టెంటును అడిగింది.

"ఎసిటోన్‌తో. చిటికెలో ఆరిపోతుంది కదా, నీకు ఆలస్యం కాకూడదని."

"మరి పోల్చి చూడ్డానికి పెట్టే పక్క సెల్లు?"

"దాంట్లో పోసేది ఉత్త సాల్వెంటే కదమ్మా. దాన్నేం కడుగుతాం?"

చిన్నది స్టూలు మీద కూలబడింది. ఎసిటోన్‌కూ ఒక ఆక్సిజన్ ఉంది. దానికీ పనిలేని జంట ఉంది. అది దూకేదీ ఆ చుట్టుపక్కలే. అడుగున ఒక్క చుక్క మిగిలినా చాలు, పక్క సెల్లులో అది లేదు కాబట్టి యంత్రం దాన్ని తీసివేయలేదు. ఆమె పొరుగింటి బిడ్డకు తన ఇంటిపేరు తగిలించి ఊరంతా తిప్పబోయింది.

"ఇలా కడగమని ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు, సారే. ఆయన నీలాగా ఇక్కడ పీహెచ్‌డీ చేసే రోజుల్లో నేర్పారు."

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, ఏడాది కలిసొస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు సిగ్గేసింది. తనను తాను తిట్టుకుంటూ సార్ గదికి వెళ్లింది.

"సార్, ఆ గుట్ట నా అణువుది కాదు. సెల్లులో మిగిలిన ఎసిటోన్‌ది."

"సెల్లు కడిగిందెవరు?"

"బాబాయ్. మీరు నేర్పినట్టే."

సార్ లేచి, బీరువా పై అరలోంచి నీలం అట్ట పుస్తకం తీసి దుమ్ము దులిపాడు. ఆయన సొంత థీసిస్. తెరిచిన పేజీలో ఒక గీత సాఫీగా దిగుతూ 275 దగ్గర చిన్న గుట్టలా లేచింది. దాని కింద ఆయన వివరణ అర పేజీ ఉంది.

"ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు," అన్నాడు. "నేనూ అడగలేదు."

"నాకు ఏడాది పోతుంది సార్."

"పోతుంది. నాకు ఇరవై మూడు పోయాయి."

పదకొండింటికి చిన్నది మైకు ముందు నిలబడింది. మొదటి స్లయిడ్‌లో రెండు గుట్టలు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి ఆమెది, ఒకటి ఆయనది. రెండోదాన్ని కూడా పెట్టమన్నది సారే.