ఉప్పుమాంసం బక్కెట్టులో చాప

సలీలో ఆ మేలుచాపను వీపు కింద దాచింది. వాళ్ళ ఊళ్ళో ఏదైనా దాచాలంటే అంతకంటే చోటేదీ? ఇళ్ళకు గోడలుండవు. స్తంభాలూ, మీద కప్పూ, అంతే. పక్కింట్లో ఉడికేది చేమదుంపో సీమపనసో దారిలో నిలబడే చెప్పొచ్చు. అందుకని నాలుగు మామూలు చాపల అడుగున దాన్ని పరిచి, పైన తనూ మొగుడు పెనీ పడుకునేవాళ్ళు. ఆ బరువుకి చాప సాపుగానూ ఉంటుంది, ఒకరి కంటా పడదు. ఆవిడ నేస్తోందని ఊరికంతా తెలుసు. నేత పూర్తయిందని మాత్రం తెలియకూడదు. ఎవరైనా అడిగితే, "ఇంకా జానెడు మిగిలే ఉంది వదినా, కళ్ళు ఆనడం లేదు," అనేది.

ఉత్తపుణ్యానికి అబద్ధమాడే మనిషి కాదు సలీలో. ఇంట్లో మేలుచాప ఉందని తెలిసిన మరుక్షణం అది మనది కాకుండా పోతుంది. చావుకైనా పెళ్ళికైనా అక్కడ ఇవ్వాల్సిన పెద్ద కానుక అదే. ఎక్కడో ఎవరో పోతారు, ఎవరికో పెళ్ళి కుదురుతుంది, మతాయి వచ్చి ఇంట్లో కూర్చుంటాడు. మతాయి అంటే ఆ వంశానికంతటికీ పెద్ద. ఆయన నోరు తెరిచి అడిగాక లేదనడం ఆ దీవిలో పుట్టినవాళ్ళకు చేతకాని పని. సలీలో బావగారు యాకోపోయే ఆ మతాయి.

ఆ చాప మీద ఆవిడ రెండేళ్ళు కూర్చుంది. మొగలి ఆకు సెగచూపి, పొర ఒలిచి, సముద్రపు నీళ్ళలో నానేసి, ఎండలో తెల్లబరిచి, దారప్పోగంత సన్నగా గోటితో చీల్చాలి. పొద్దెక్కితే పోచ పుటుక్కున విరుగుతుంది కాబట్టి చీకటుండగానే లేచి కూర్చోవాలి. నేసి నేసి ఆవిడ బొటనవేలి చర్మం తాబేటి డిప్పలా తయారైంది. పూర్తయ్యాక అంచున ఎర్ర ఈకల కుచ్చు కట్టి, చివరి మూలలో ఒక పోచను జంటగా మడిచి వదిలింది. అది వాళ్ళమ్మ నేర్పిన గుర్తు. చేత్తో పట్టుకుంటే చాపలా ఉండేది కాదు, ఉతికిన పాతచీర ముట్టుకున్నట్టుండేది.

ఇంత కష్టమూ కూతురు ఫువాతినో కోసం. ఇంట్లో తీనో అంటారు. ఆపియా పట్నంలో నర్సింగు స్కూల్లో సీటొచ్చింది పిల్లకి. ఫీజుకి పెనీ పండించే చేమదుంపలు ఏ మూలకీ చాలవు. ఆపియాలో ఒక పెద్దింటావిడ కొడుకు పెళ్ళికి చాప కొంటానంది. శుక్రవారం పడవకి చాపా పిల్లా కలిసి వెళ్ళాలి.

బుధవారంనాడు లగీ ముసలమ్మ పోయింది.

లగీ ముసలమ్మ ఎవరంటే, యాకోపో భార్య తెలేసియాకి వేలువిడిచిన మేనత్త. అవతలి ఊరి మాతేయోకి తల్లి. బతికుండగా సలీలో ఆవిణ్ణి ఒక్కసారి చూసింది, అదీ బస్సులో.

యాకోపో వచ్చి స్తంభానికి చేరగిలబడి కూర్చున్నాడు. పెద్ద శరీరం, మెత్తటి గొంతు. "అమ్మాయ్ సలీలో, వంశం పరువు నీ చేతుల్లో ఉంది. మాతేయో వాళ్ళమ్మ చావుకి ఉత్త చేతుల్తో పోతామా?"

"ఇంకా జానెడు మిగిలుంది బావగారూ."

"అవునా," అన్నాడాయన. ఆవిడ వైపు చూడలేదు, తమ్ముడి వైపు చూశాడు. "ఏరా పెనీ?"

ఏమాటకామాటే చెప్పుకోవాలి, పెనీ చెడ్డవాడు కాదు. చెయ్యెత్తి ఎరగడు, తాగి ఎరగడు. వెన్నెముక ఉండాల్సిన చోట అరటిబోదె ఉంది, అంతే. లేచాడు, పైచాపలు ఒక్కొక్కటే తీశాడు. అడుగునున్న మేలుచాపను రెండు చేతులా ఎత్తి అన్న ఒళ్ళో పెట్టాడు. పెళ్ళాం మొహం చూడకుండా కాలిగోళ్ళు చూసుకున్నాడు.

"తీనో సంగతేమిటి?" అంది సలీలో.

"దానికేం, వచ్చే ఏడు వెళుతుంది," అన్నాడు యాకోపో లేస్తూ. "స్కూలు ఎక్కడికీ పారిపోదు. పరువు పారిపోతుంది."

చావు దగ్గర సలీలోకి వెనకవైపు రాళ్ళపొయ్యి దగ్గర పని పడింది. చాపను మోసింది తెలేసియా, ఆవిడ చెల్లెలూ. మేలుచాపను అందరి ముందూ విప్పి, చెరో కొసా పట్టుకుని నడిపించడం అక్కడి మర్యాద. అవతలివాళ్ళు గొంతెత్తి దాన్ని మెచ్చుకోవడం అంతకు రెట్టింపు మర్యాద. పొగలో కళ్ళు తుడుచుకుంటూ సలీలో ఆ కేకలు విన్నది. ‘సా... మాలో...’ అంటూ ఆడవాళ్ళంతా అరుస్తుంటే, ఒక పక్క కడుపు మండుతున్నా ఒక పక్క కాస్త గర్వమూ కలిగింది. నా చేతిపనే కదా అనుకుంది పిచ్చిది.

చావువాళ్ళు తిరిగిచ్చిన కానుకలు యాకోపో ఇంటికి వచ్చాయి. ఉప్పుమాంసం బక్కెట్లు, చేపల డబ్బాల పెట్టెలు, సగం పంది. సలీలో వాటాకి రెండు డబ్బాలూ, వెంట్రుకలు కూడా గీకని ఇంత పందికొవ్వు ముక్కా అందాయి. "ఇష్టంగా తింటావని దాచాను," అంది తెలేసియా.

స్కూలువాళ్ళు ఒక ఏడాది ఆగుతామన్నారు. రెండో ఏడాది ఆగేది లేదన్నారు. ఆ ఏడాదంతా తీనో పెదనాన్న ఇంట్లో ఊడిగం చేసింది. మతాయి ఇంట్లో చిన్నపిల్లలు చెయ్యాల్సిందే మరి. అంట్లు తోమింది, ఆయన భోంచేస్తుంటే ఈగలు విసిరింది. పెద్దమ్మ కాళ్ళకు కొబ్బరినూనె రాసింది. నర్సు కావాల్సిన పిల్ల చేతులు మసి పట్టాయి. సలీలో మళ్ళీ ఒక చాప మొదలుపెట్టి, పిడికెడు నేసి ఆపేసింది. పోచ పట్టుకుంటే చాలు, మొగుడి వంగిన వీపు కళ్ళముందుకు వచ్చేది.

స్కూలు గడువు ఇంకో రెండు వారాలుందనగా మాతేయో వాళ్ళు వచ్చారు. తల్లికి సమాధి కట్టించి, సాయపడ్డవాళ్ళకు మర్యాద చెప్పుకోవడానికి ఊరూరూ తిరుగుతున్నారు. నిలువునా కాల్చిన పందిని కర్రకు కట్టి మోసుకొచ్చారు. యాకోపో ముందింట్లో వాళ్ళను కూర్చోబెట్టి, పరువు గురించీ బంధుత్వం గురించీ ధారాళంగా మాట్లాడుతున్నాడు.

వెనక వంటపాకలో సలీలో కూడా పనిలో ఉంది. మిగిలేది నిలవెయ్యడానికి ఖాళీ బక్కెట్టు తెమ్మని తెలేసియా తీనోని పంపింది. తనకున్న బక్కెట్లలో ఏది ఖాళీయో ఏది కాదో ఆవిడకా హడావుడిలో గుర్తులేదు. తీనో మూలనున్న బక్కెట్టు మూత తీసింది. వెంటనే తల్లిని పిలిచింది. అరవలేదు, నెమ్మదిగానే పిలిచింది.

కుళ్ళిన ఉప్పుమాంసం కంపు, ఎలుక ఉచ్చ కంపు కలిసి ముక్కు పగలగొట్టాయి. పక్కన కొరికిన కంతలోంచి తల్లి ఎలుక బయటికి దూకి పారిపోయింది. లోపల మేలుచాప. దాని మడతల మధ్య, కొరికి మెత్తగా చేసిన పోచల గూట్లో, కళ్ళు తెరవని ఎలుకపిల్లలు ఎర్రగా, వేలెడంత, ఒకదాని మీద ఒకటి కదులుతున్నాయి. పైకి తేలిన మూలలో ఒక పోచ జంటగా మడిచి ఉంది.

సలీలో పాక వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుంది. తిరిగి వచ్చేసరికి తెలేసియా నిలబడి ఉంది.

"గట్టిగా మాట్లాడకు, ముందింట్లో జనం ఉన్నారు," అంది తెలేసియా.

"ఆ రోజు మోసింది ఏ చాప అక్కా?"

"బజారుది. దూరాన్నించి ఎవడికి తెలుస్తుంది? ఈకలు కనబడితే అరిచేస్తారు, ఆ వెంటనే శవం మీద కప్పి పూడ్చేస్తారు. ఇది మావాడి పెళ్ళికుంటుందని తీసి ఉంచా. పక్కకింద పెడితే వచ్చేపోయేవాళ్ళ కంట్లో పడుతుంది కదా. ఎవరూ వెతకని చోటని ఇందులో పెట్టా. అయినా నీదీ నాదీ ఏముంది, మన వంశానిదేగా," అంది.

"బక్కెట్టు కడిగావా?"

"పొడిగా తుడిచాను."

"ఉప్పుమాంసం బక్కెట్టు తుడిచి అందులో మేలుచాప పెట్టావు," అంది సలీలో. "ఎలుకని పిలిచి పీటేసినట్టుంది."

ఎలుకపిల్లల్ని తీయబోయిన కూతుర్ని ఆపింది. "ఉండనీ. ఆ కొస పట్టుకో తీనో."

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని చాపను విప్పి, పాకలోంచి ముందింటి ఎదురుగా నడిచారు. ఎర్ర ఈకలు కనబడగానే వచ్చిన ఆడవాళ్ళు అలవాటు కొద్దీ ‘సా... మాలో...’ అని ఎత్తుకున్నారు. కేక సగంలో ఆగిపోయింది. చాప నడుమ తలదూరేంత కంత. ఇద్దరి అడుగులకీ ఊగి, ఎలుకపిల్ల ఒకటి జారి మాతేయో ముందున్న పళ్ళెం పక్కన పడింది. వాసన దాని వెనకే వచ్చింది.

మాతేయో ముసలివాడు. లేచి వచ్చి, చాప మూల వేళ్ళతో తడిమి చూశాడు. "ఎవరి నేత ఇది?"

"నాదేనయ్యా. మీ అమ్మకని నా పక్కకిందనుంచి తీసుకెళ్ళారు. దారిలో కాస్త ఆలస్యమైంది," అంది సలీలో.

మాతేయో యాకోపో వైపు తిరిగాడు. చేతిలో ఉన్న కొబ్బరిబోండాం నేలమీద పెట్టాడు. వాళ్ళ మగపిల్లలు కాల్చిన పందిని తెచ్చిన కర్రకే మళ్ళీ కట్టుకుని, భుజాన వేసుకుని, వచ్చిన దారినే పోయారు. పంది చెవులు ఊగుతూ వెళ్ళడం ఊరంతా నిలబడి చూసింది.

మర్నాడు ఊరి పెద్దలు కబురు చేశారు. క్షమాపణ చెప్పుకుని వచ్చేదాకా యాకోపో పక్కన ఎవరూ కూర్చోరన్నారు. క్షమాపణంటే నోటిమాట కాదక్కడ. తెల్లవారకముందే వెళ్ళి, తల మీద మేలుచాప కప్పుకుని, వాళ్ళ ఇంటి ముందు నేలమీద కూర్చోవాలి. వాళ్ళు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. బజారు చాప కప్పుకుని వెళితే అదే మనిషిని రెండోసారి తన్నడం. ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా, "ఇంకా జానెడు మిగిలుందండీ," అన్నారు. ఆ మాట సలీలోదేనని అందరికీ తెలుసు.

సాయంకాలానికి యాకోపో వచ్చి, ఆ స్తంభానికే చేరగిలబడ్డాడు. మెత్తటి గొంతు కాస్త బొంగురుపోయింది.

"అమ్మాయ్, ఆ చాపే ఇవ్వు. కడిగి, కంత కుట్టి..."

"కడగను బావగారూ. కుట్టను కూడా కుట్టను."

"వంశం పరువమ్మా."

"తీనో ముందు పడవెక్కాలి. మీ అబ్బాయి పెళ్ళికి దాచిందాంట్లోంచి దాని స్కూలు ఖర్చంతా కట్టి రండి. అది లోపల కూర్చుందని నాకు కబురొచ్చాక చాప ఇస్తాను. ఉన్నది ఉన్నట్టుగా ఇస్తాను."

"బేరాలాడుతున్నావా నాతో?"

"పెనీని అడగండి," అంది. "పైచాపలు తీసి ఇస్తాడేమో."

పెనీ కాలిగోళ్ళు చూసుకున్నాడు. అయితే ఈసారి లేవలేదు. అది మంచితనమో భయమో ఆవిడకి అక్కర్లేకపోయింది.

యాకోపో కట్టాడు. కట్టక ఏం చేస్తాడు? తీనో పడవెక్కేటప్పుడు తల్లి చేతులు పట్టుకుని, "అమ్మా, నిమ్మకాయతో కడుక్కో," అంది. అప్పటికే చాలా నిమ్మకాయలు అయిపోయాయి. వాసన చేతుల్లో లేదు, ఇంకెక్కడో ఉంది.

పిల్ల చేరిందని కబురొచ్చిన మర్నాటి తెల్లవారుజామున యాకోపో మాతేయో ఇంటి ముందు కూర్చున్నాడు. వంశమంతా వెనక తలలొంచుకుని కూర్చుంది. సలీలో కూడా కూర్చుంది, పక్కన పెనీ. చాప కప్పుకున్న ఆ పెద్ద శరీరం ఊపిరి బిగబట్టి, తట్టుకోలేక వదిలి, మళ్ళీ బిగబట్టడం వెనకనించి తెలుస్తూనే ఉంది. కంత సరిగ్గా చెవి దగ్గరికి వచ్చింది. లోపల చెవి ఒక్కటే తెల్లవారేకొద్దీ కనబడసాగింది. మాతేయో లేచి, మొహం కడుక్కుని, ప్రార్థన చేసుకుని, టీ తాగాడు. ఎండ గట్టిగా వచ్చేదాకా బయటికి రాలేదు. ఎండకి ఆ బక్కెట్టు కంపు వెనక వరసకీ కొట్టింది.

చివరికి వచ్చి, రెండు వేళ్ళతో చాప ఎత్తాడు. "లే, యాకోపో. మా అమ్మ దీని కింద ఈ ఏడాదంతా పడుకోవాల్సింది. నువ్వొక పూట పడుకున్నావు, చాల్లే."

తరవాత మర్యాద ప్రకారం అందరికీ భోజనాలు పెట్టారు. చేమదుంపలు, ఉప్పుమాంసం. అంతా ఆకలిమీద ఉన్నారేమో, గబగబా తింటున్నారు. యాకోపో కూడా తింటున్నాడు.

"తినవే," అన్నాడు పెనీ మెల్లగా. "అన్నీ సర్దుకున్నాయిగా."

సలీలో తన పళ్ళాన్ని అతని ముందుకు తోసింది.

"నువ్వు తిను. ఇది నీ వాటా."