గుండు పక్కన జాగా

మా ఊరు కృష్ణలో మునగకముందు నేను గోడ మీద బొగ్గుతో ఒక పిల్లిని గీస్తే, ఊళ్లోని ఎలుకలన్నీ పిల్లాపాపలతో ఏరు దాటిపోయాయి. వాటిని పుట్టిలో ఎక్కించుకొని దాటించినవాడు జాఫర్. తోకకింత అని కూలి కూడా తీసుకున్నాడు. కొల్లాపూర్‌లో ఎవరిని అడిగినా ఈ సంగతి చెబుతారు. ఎందుకంటే అందరికీ చెప్పింది నేనే.

పిల్లి సంగతి ఎట్లున్నా, నేను బొమ్మలు గీసేవాణ్ణన్నది మాత్రం నిజం. సిమెంటు సంచి కాగితం దొరికినా వదిలేవాణ్ణి కాదు. డ్యాం నీళ్లు ఊళ్లోకి వచ్చాక అందరం కొల్లాపూర్ వచ్చి పడ్డాం. కొన్నాళ్లు గీయడానికి గోడ లేదు. గోడ దొరికేసరికి మనసు లేదు. తెలంగాణ వచ్చింది, నాకు పింఛను వచ్చింది, పండ్లు ఊడిపోయాయి. పెన్సిల్ మాత్రం మళ్లీ పట్టలేదు.

మొన్న ఎండాకాలం మొదట్లో జాఫర్ భార్య ఇక్బాల్ బీ మా ఇంటికొచ్చింది. ఊరు మునగకముందే జాఫర్ జ్వరంతో పోయాడు. అప్పటి నుంచి ఆమె నన్ను అన్నా అనే పిలుస్తుంది.

"కండ్ల దవాఖానకు పోయొచ్చిన, కాటమన్నా. ఇగ చూపు ఆగదంట. వానకాలం నాటికి చీకటే అన్నడు డాక్టరు."

"డాక్టరుకేం తెలుసు చెల్లె? నా కండ్లు ఒకపాలి జారి బాయిల పడితే..."

"నువ్వు జర ఆగు. నాకు ఒక బొమ్మ గియ్యాలె."

మా ఊళ్లో ఆడవాళ్లు ఖబరస్తాన్ లోపలికి పోయేవాళ్లు కాదు. జాఫర్‌ను మట్టి చేసిన రోజూ, ఆ తర్వాత పోయినవాళ్లను తలుచుకునే షబేబరాత్ వచ్చినప్పుడల్లా ఇక్బాల్ బీ గోడ బయటే నిలబడి ఫాతెహా చదివేది. ఆ గోడ ఆమె కంటే ఎత్తు. తర్వాత నీళ్లొచ్చి గోడనూ సమాధులనూ కలిపి మింగాయి. భర్త సమాధిని ఆమె ఒక్కసారీ చూడలేదు.

"జనాజా మోసినోళ్లల్ల నువ్వొక్కనివే మిగిలినవ్. మా ఆయన ఏ జాగల పండుకున్నడో గీసి చూపెట్టు. కండ్లున్నప్పుడే చూస్కుంట."

నా భార్య హనుమమ్మ లోపలి నుంచే అందుకుంది. "గీయనతోనా, వదినా? మొన్న మనవరాలు అడిగితె మేకను గీసిచ్చిండు. పిల్ల దాన్ని చూసి భౌ భౌ అన్నది!"

ముగ్గురం నవ్వాం. ఇక్బాల్ బీ అందరికంటే ముందు ఆపేసింది.

మనవరాలు మనీష రంగులు తీసుకొని కూర్చున్నాను. ఇంత అడిగిన మనిషికి ఘనంగా చూపించాలనుకున్నాను. పాలరాయి, పచ్చని గుమ్మటం, నాలుగు మీనార్లు, వాటి మీద పావురాలు. ఇక్బాల్ బీ ఆ కాగితాన్ని కంటికి ఆనించుకొని చూసింది.

"ఏ నవాబుదన్నా ఇది?"

"జాఫర్‌దే."

"పుట్టి నడిపినోనికి మీనార్లా?" పెదవి మీద నవ్వు వచ్చి పోయింది. "ఎలుకల ముచ్చట ఎన్నిసార్లన్న చెప్పు, నవ్వుత. ఇది మాత్రం ఉన్నదున్నట్టు గియ్యి అన్నా. తప్పు జాగ చూసి కండ్లు పోగొట్టుకుంటె, నేను ఎవరికి దువా చేసినట్టు?"

మీనార్ల కాగితాన్ని మడిచి పక్కన పెట్టాను.

ఉన్నదున్నట్టు గీద్దామని మళ్లీ కూర్చుంటే ఏమీ రాలేదు. ఖబరస్తాన్‌లో ఒక పెద్ద రాతి గుండు ఉండేది. కూర్చున్న బర్రెలా ఉంటుందని బర్రెగుండు అనేవాళ్లం. జాఫర్‌ను దాని పక్కనే పెట్టాం. ఏ పక్కన? అందరితో పాటు నేనూ మూడు పిడికిళ్ల మట్టి వేశాను. తల మాత్రం ఎత్తలేదు. మట్టి గుర్తుంది, జాగా గుర్తు లేదు.

కృష్ణలో నీళ్లు బాగా తగ్గాయని తెలిసి, కాగితాలు సంచిలో పెట్టుకొని సోమశిల దారిలో పోయాను. ఆటో దిగి, పగుళ్లిచ్చిన ఒండ్రు మీద నడిచాను. ఇల్లేదో వాకిలేదో గుర్తు పట్టలేకపోయాను. గుండు మాత్రం అక్కడే ఉంది, పొట్ట దాకా ఒండ్రులో కూరుకొని. సమాధులన్నీ చదునైపోయాయి. గోడ పోయి, పునాది రాళ్ల వరుస ఒకటి మిగిలింది.

చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టేసరికి కాళ్లు చుర్రుమన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. జాఫర్‌ను దించిందీ ఇలాంటి ఎండాకాలంలోనే. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మట్టి ఇచ్చాం. అందరం ఉత్త కాళ్లతోనే ఉన్నాం, ఒక్కరి కాళ్లూ కాలలేదు. గుండు నీడ మా మీద ఉంది.

ఆ పొద్దు కోసం కూర్చున్నాను. సూర్యుడు పడమటికి వాలాక నీడ గుండు కింది నుంచి తూర్పుకు పాకి, నా కాళ్ల దాకా వచ్చింది. లేచి దాని మధ్యలో నిలబడ్డాను. మట్టి వేసినప్పుడు గుండు నా కుడి భుజానికి తగిలేంత దగ్గర ఉండేది. ఇప్పుడూ అంతే దగ్గర ఉంది.

ముందు నీడను గీశాను, తర్వాత గుండును. ఇన్నేళ్లు మొరాయించిన చేయి, ఇంటి దారి తెలిసిన ఎద్దులా తనంతట తానే నడిచింది. చివరికి గోడ గీశాను. గోడ బయట అప్పటి ఇక్బాల్ బీని వెనక నుంచి గీశాను. వాళ్లింట్లో మనిషి ముఖమున్న బొమ్మ ఉంచుకోరు.

మర్నాడు ఆమె మా ఇంటికొచ్చి కాగితం అందుకొని, వేలితో వెతికింది.

"ఈ నీడల్నేనా?"

"ఆ నీడల్నే, చెల్లె."

"అయితె సల్లగనే ఉన్నడు."

"కాళ్లు కాలలే మాకు ఆ పొద్దు."

నీడ అంచు వెంట వేలు నడిపింది. తర్వాత వేలు గోడ మీదికి వచ్చి ఆగింది. "ఇది ఇప్పుడున్నదా?"

"లేదు. నీళ్లు తీస్కపోయినయి."

"మరి లేనిదెందుకు గీసినవ్? మల్ల కతలు షురూ చేసినవా?"

మనీష రబ్బరు తీసుకొని గోడను చెరిపేశాను. మసక మిగిలింది. దాని అవతల నీడకూ, ఇవతల నిలబడ్డ మనిషికీ మధ్య ఇంకేమీ లేదు.

ఇక్బాల్ బీ కాగితాన్ని కంటికి దగ్గరగా పట్టుకుంది. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. హనుమమ్మ చాయ్ తెచ్చి పక్కన పెట్టింది. ఫాతెహా అయ్యేసరికి అది చల్లారిపోయింది.