వెనక చక్రాలు

హేమలతా, ఆ పీట ఇలా లాక్కుని నా మోకాలి పక్కన కూర్చో. నా గొంతు ఈ మధ్య దూరం పోవడం లేదు. మీ తాత రాయి పక్కన రెండు ముక్కలైన రాయి ఎందుకుందని నిన్న అడిగావు కదా, అది చెబుతాను.

సునామీ వచ్చిన మరుసటి ఎండాకాలం, మన ఊరి పైన కాఫీ గింజలకు గోడౌను కడుతున్నారు. గోడలు లేచాయి. పైకి ఇనుప దూలాలు ఎక్కించాలి. రోడ్డుకీ గోడకీ మధ్య మన రాళ్ళున్నాయి, పోయినవాళ్ళ పేరున నిలిపినవి. ముందు వరసలోది మీ తాత గాసి వాళ్ళమ్మది. కొండ మీంచి దాన్ని మోసుకొచ్చిన వాళ్ళలో ఆయనొకడు.

ఏ బండి తేవాలో తేల్చడానికి కాంట్రాక్టరు సింహాచలం ఊరివాళ్ళను పిలిచాడు. ఒకటి గుట్టల్లో తిరిగే ఫోర్కులిఫ్టు. పెద్ద టైర్లు, ముందు రెండు ఇనుప కొమ్ములు. బరువు బాగా ఎత్తుతుంది గానీ గోడ దాకా వెళ్ళాలి, అంటే రాళ్ళు తీసి దారి చెయ్యాలి. రెండోది టెలీహ్యాండ్లరు. దాని చేయి పొడుగ్గా సాగుతుంది. రోడ్డు మీదే నిలబడి రాళ్ళ మీదుగా అందిస్తుంది.

మీ తాత ఇంకేమీ వినలేదు. "మాయమ్మను కదపొద్దు. సెయ్యి సాపే బండే తెండి" అన్నాడు. ఊరంతా అదే మాటన్నారు.

దాన్ని నడిపే దైవాధీనం రాజవొమ్మంగి మనిషి, మాటకారి. నేను నీళ్ళు మోస్తుంటే పిలిచి అడిగాడు. "పిన్నీ, నిండు బిందెని సంకనెత్తుకుంటావు. అదే బిందెని సెయ్యి సాపి పట్టుకోగలవేటి?" ఈ బండీ అంతేనట, చేయి సాగేకొద్దీ బరువు తగ్గించాలట. అందుకే ఒక్కో దూలమే ఎత్తేవాడు.

తరవాత మబ్బు పట్టింది. వాన పడితే పని ఆగిపోతుందని సింహాచలం రెండేసి దూలాలు కట్టమన్నాడు. చేయి సాగేసరికి బండి వెనక చక్రాలు నేల విడిచాయి. దైవాధీనం వెంటనే దించేసి, కుదరదన్నాడు.

మనం కావిడి మోసేవాళ్ళం. ముందు బుట్ట బరువైతే వెనక బుట్టలో రాయి వేసుకుంటాం. సంతకు పనసకాయలు అలాగే మోశాం. మీ తాతకు అదే తోచింది. "ఇదీ కావిడే కదరా. ఎనకాల మేం కూకుంటాం, నువ్వెత్తు" అన్నాడు. దైవాధీనం ఒప్పుకోలేదు. వేరే డ్రైవరును తెస్తానని సింహాచలం బెదిరించాక ఒప్పుకున్నాడు.

మీ తాత ఇంకో ఇద్దరితో ఎక్కి కూర్చుని నన్ను పిలిచాడు. "ఏటే, నువ్వూ రా. నువ్వెక్కితే మూడో దూలం కూడా లెగుత్తాది." అందరూ నవ్వారు. ఎక్కలేదు గానీ నేనూ నవ్వాను.

మొదటిసారి గట్టెక్కింది. రెండోసారి చేయి చివరి దాకా సాగింది. వెనక భాగం ఒక్కసారిగా లేచింది. మిగతా ఇద్దరూ పక్కకు దూకారు, మీ తాత మాత్రం పట్టు తప్పి చక్రం దగ్గరే కిందపడ్డాడు. దూలాలు బండి చేతి మీంచి జారి రాళ్ళ మీద పడ్డాయి. బరువు పోగానే లేచిన చక్రం కిందకి దిగింది, ఆయన కాలి మీద.

విశాఖ ఆసుపత్రిలో మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. తెలివొచ్చాక ఆయన కాలి సంగతి అడగలేదు.

"అమ్మ రాయి నిలబడే ఉందా?"

చెప్పాను, రెండు ముక్కలైందని. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అటే చూస్తూ అన్నాడు, ఆ కొమ్ముల బండికే దారిచ్చుంటే అమ్మ రాయిని తన చేతులతో పక్కకు తెచ్చి నిలబెట్టుకునేవాణ్ణని.

ఊళ్ళో కొందరు చేయి బండి చెడ్డదన్నారు, కొందరు రాళ్ళకు కోపం వచ్చిందన్నారు. మీ తాత ఆ రెండు మాటలూ ఒప్పుకోలేదు. "బండి సక్రాలెత్తి సెప్పింది, మొయ్యలేనని. మేమే దాని మీద కూకున్నాం" అనేవాడు. రాయిని సిమెంటుతో అతికిస్తామంటే వద్దన్నాడు. పోయేదాకా ఆ ముక్కల దగ్గరికి కర్ర పట్టుకుని వెళ్ళి కూర్చునేవాడు.

మీ అన్న ఫల్గుణ ఎల్లుండి మారేడుమిల్లి వైపు రోడ్డు పనికి పోతున్నాడు. నా మాట వాడు నిలబడి వినడు, నీదైతే వింటాడు. ఏ బండి చక్రం నేల విడిచినా దాని మీదకి ఎక్కొద్దని చెప్పు. మీ తాత ఎలా కూర్చున్నాడో, ఎలా నవ్వాడో అంతా చెప్పు. రేపు నీ పిల్లలకు కూడా, ఆ రాయి దగ్గర నిలబెట్టి చెప్పమ్మా.