జంజీరా ముందు ఎర్రజెండా

దసరాకి కోట పడాల్సిందేనని తిరుమలరావు తీర్మానించేశాడు. వందల ఏళ్లు ఏ నౌకాదళానికీ లొంగని కోట, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, తెలుగు సంఘం పందిట్లో, టార్పాలిన్ నీళ్లతొట్టి మధ్యన పడాలట! జ్యోతిర్మయికి ఒళ్లు మండిపోయింది. మండదా మరి?

తొట్టిలో ఆ బొమ్మకోటను నిలబెట్టింది, పండగ సాయంత్రం బొమ్మ ఓడలు దాడికొస్తుంటే మైకులో దాని కథ చెప్పబోయేదీ ఆమే. ఊరి పక్కనే కోనిలో ఉన్న యూనివర్సిటీలో చరిత్ర చదువుతోంది. ఆమధ్య నాన్న రైల్వే పాస్ మీద ఇంటిల్లిపాదీ కొంకణ తీరానికి వెళ్లి, పడవెక్కి, సముద్రం మధ్యనున్న జంజీరా కోటను కళ్లారా చూసొచ్చారు. అప్పట్నుంచీ ఆ పిల్లకి అదే పిచ్చి. చుట్టూ ఉప్పునీళ్లు, లోపల మంచినీటి కోనేర్లు. దగ్గరికి పోతేగానీ గుమ్మం ఎక్కడుందో తెలియదు. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు దాన్ని ఏలారు, ఓడలు నడిపారు. మరాఠాలు, పోర్చుగీసులు, ఇంగ్లీషువాళ్లు అందరూ ఒక చెయ్యి వేసి చూశారు. ఒక రాజైతే సముద్రంలో రాళ్లు పోయించి బాట కట్టబోయాడు. ఊహూఁ, ఎవరి పప్పులూ ఉడకలేదు. స్వాతంత్ర్యం వచ్చాక మిగతా సంస్థానాలతో పాటు దేశంలో కలిసింది, అంతే.

తిరుమలరావు సంఘానికి ప్రెసిడెంటు. రిటైరైన మెయిల్ రైలు డ్రైవరు. కాలనీలో పిల్లలందరికీ పెదనాన్న. మనిషి మంచివాడే గానీ, తన మాట చెల్లకపోతే అన్నం సహించదు.

"దసరా అంటే ఏటే? గెలుపు కాదేటి?" అన్నాడు కుర్చీలోంచి. "కోట పడకపోతే టపాసులెందుకు కాల్చాల? జనం సప్పట్లెందుకు కొడతారు?"

"గెలిచింది కోటే కదా పెదనాన్నా! అన్ని ఓడలొచ్చినా నిలబడింది. దానికి కొట్టరా చప్పట్లు?"

"అచ్ఛా! పెద్ద సెప్పొచ్చావు."

"కోట పడిందని నా నోటితో నేను చెప్పను."

"నీ నోటితో నాకు పనేటి?" అని పెద్దాయన నవ్వాడు. "మైకులో నీకు నచ్చింది సెప్పుకో. ఓడలు లాగీవోడు గిరిబాబు. అవి గుమ్మంలోకి ఎల్లిపోతే సూసినోళ్లకి అర్థం కాదేటి?"

అన్నంత పనీ చేశాడు. పండగనాడు పొద్దునే కోట తలుపు ఊడదీసి, ఓడ తగిలితే తెరుచుకునేలా మడతబందులు బిగించాడు. జ్యోతిర్మయికి ఏడుపొక్కటే తక్కువ. ఈ సాయంత్రం దాటితే కాలనీ పిల్లలందరికీ జంజీరా అంటే పడిపోయిన కోటే. తర్వాత ఎన్ని పుస్తకాలు చూపించినా, కళ్లతో చూసిందాన్ని మనసులోంచి ఎవరు తుడుస్తారు?

ఆమె మేనత్త కొడుకు గిరిబాబు అసిస్టెంట్ లోకో పైలట్. ఓడలన్నిటినీ సైకిల్ చైనుకి కట్టి, నల్లగుడ్డ వెనక కూర్చుని హేండిల్ తిప్పుతాడు. అక్కడినుంచి కోట కనపడదు. గుడ్డకున్న కంతలోంచి జ్యోతిర్మయి చేతిలోని జెండా మాత్రమే కనిపిస్తుంది. పచ్చ చూపిస్తే తిప్పాలి, ఎర్ర చూపిస్తే ఆపాలి. ఆ ఏర్పాటు తిరుమలరావుదే. రిహార్సల్‌లో పచ్చజెండా లేచినప్పుడల్లా గిరిబాబు ఇంజన్ మీద అరిచినట్టే "గ్రీన్!" అని అరిచేవాడు. ఒకరు సిగ్నల్ రంగు చెబితే రెండోవాళ్లు తిరిగి చెప్పాలి, అది ఇంజన్ మీద రూలు. కుర్చీలోంచి పెద్దాయన కూడా అలవాటుగా "గ్రీన్!" అనేవాడు. పిల్లలు పడీపడీ నవ్వేవారు.

"నువ్వైనా ఆపు బావా," అని బతిమాలింది.

"యార్, ముఝే మత్ ఫసావో, నన్ను ఇరికించకు," అన్నాడు గిరిబాబు. "పెదనాన్నతో నేను పడలేను. నువ్వు జెండా చూపించు, నేను తిప్పుతా. బస్, అంతే."

ఆ మాట అతను ఊరికే అన్నాడు. జ్యోతిర్మయి మాత్రం ఊరికే వినలేదు.

దీపాలు పెట్టే వేళకి పందిరి కిక్కిరిసింది. ఊళ్లోని మోప్కా, దయాల్‌బంద్ పేటల నుంచి కూడా జనం వచ్చారు. ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో రెండు జెండాలూ పట్టుకుని జ్యోతిర్మయి కథ అందుకుంది. తెలుగు రాని పిల్లల కోసం మధ్యమధ్యలో హిందీ కలిపింది. పచ్చజెండా ఎత్తింది. ఓడలు కదిలాయి. తొట్టి చుట్టూ పిల్లలు ముందుకి వంగారు. ముందున్న ఓడ గుమ్మానికి జానెడు దూరంలోకి వచ్చింది. టపాసుల దగ్గర కుర్రాళ్లు అగ్గిపుల్ల గీశారు.

జ్యోతిర్మయి ఎర్రజెండా ఎత్తింది.

ఓడలు ఆగిపోయాయి. జనం చూస్తున్నారు. జెండా దిగలేదు.

"తిప్పరా!" అని తిరుమలరావు కేకేశాడు.

"రెడ్ ఉంది పెదనాన్నా!" గుడ్డ వెనకనుంచి గిరిబాబు.

"నాను సెప్తన్నాను, తిప్పు!"

"కైసే తిప్పను? రెడ్ ఉంది!"

పెద్దాయనకి కోపం నషాళానికంటింది. విసవిసా గుడ్డ వెనక్కి వెళ్లి, గిరిబాబుని రెక్క పట్టుకు లేపి, తనే కూర్చుని హేండిల్ పట్టుకున్నాడు. తలెత్తేసరికి కంతలోంచి ఎదురుగా ఎర్రజెండా.

"జెండా దించే జోతీ!"

"దించను." మైకులోనే అంది. జెండాను ఇంకాస్త పైకెత్తింది. "ఈ కోట పడలేదు పెదనాన్నా. పడనివ్వను."

హేండిల్ మీద పెద్దాయన వేళ్లు బిగుసుకున్నాయి. జీవితమంతా బండి నడిపి ఒక్కనాడైనా ఎర్ర సిగ్నల్ దాటని చెయ్యి అది. ఒక్క చుట్టు తిప్పితే చాలు, ఓడ లోపలికి పోతుంది. తిప్పబోయాడు. చెయ్యి రాలేదు. ఇంకోసారి తిప్పబోయాడు.

పక్కన నిలబడ్డ గిరిబాబు, డ్యూటీలో ఉన్నట్టే, మెల్లగా అన్నాడు.

"రెడ్."

తిరుమలరావు జెండా వైపే చూస్తూ హేండిల్ వదిలేశాడు.

"రెడ్," అన్నాడు.